అమెరికా గడ్డమీదే సాగిన వైమానిక దళ రిజర్వ్ సేవ: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను అమెరికా వైమానిక దళ రిజర్వ్‌లో, కాలిఫోర్నియాలోని ట్రావిస్ స్థావరంలో, సరుకు రవాణా విభాగంలో ఇరవై ఏళ్లకు పైగా పనిచేసి విరమించాను. మామూలు రోజుల్లో శాన్ హోసేలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, నెలకొక వారాంతం యూనిఫాం, ఇదీ నా జీవితం. బే ఏరియాలోని తెలుగు కుటుంబాలు కలిసిన ప్రతిచోటా, ఇండియా నుంచి వచ్చే ఫోన్లలోనూ అవే సందేహాలు మళ్లీ మళ్లీ ఎదురవుతుండడంతో వాటిని అడిగిన మాటల్లోనే ఇక్కడ ఒకచోట చేర్చాను. ఎవరికి కావలసిన ప్రశ్న దగ్గరికి వారు నేరుగా వెళ్లవచ్చు. నిబంధనలు మారుతుంటాయి కాబట్టి చేరదలచినవారు రిక్రూటరు దగ్గర తాజా వివరాలు తప్పక కనుక్కోవాలి.

## చేరే ముందు

వైమానిక దళ రిజర్వ్ అంటే మన ఎన్‌సీసీ లాంటిదా?

కాదు. ఎన్‌సీసీ విద్యార్థులకు క్రమశిక్షణ నేర్పే సంస్థ. అందులో ఉన్నవారిని యుద్ధానికి పిలవరు. రిజర్విస్టు మాత్రం ప్రమాణం చేసిన సైనికుడు. పిలుపు వచ్చిన రోజున పూర్తికాలపు సైనికుడితో సమానంగా పనిచేయవలసినవాడు. భారతదేశంలో దీనికి కాస్త దగ్గరగా వచ్చేది టెరిటోరియల్ ఆర్మీ. అమెరికా వైమానిక దళ రిజర్వ్ 1948 ఏప్రిల్ 14న ఏర్పడింది, దాని ప్రధాన కార్యాలయం జార్జియా రాష్ట్రంలోని రాబిన్స్ స్థావరంలో ఉంది. నిర్బంధ సైనిక సేవ 1973లో ఆగిపోయిన తరువాత రిజర్వ్ మీద దేశం ఆధారపడడం బాగా పెరిగింది. నెలకు ఒక వారాంతం, ఏడాదికి సుమారు రెండు వారాలు శిక్షణ అనేది కనీస బాధ్యత మాత్రమే. ఆచరణలో చాలామంది అంతకంటే ఎక్కువే చేస్తారు.

ఎయిర్ నేషనల్ గార్డ్, ఎయిర్ ఫోర్స్ రిజర్వ్ రెండూ ఒకటే కదా?

శిక్షణ, జీతం, యూనిఫాం ఒకటే అయినా అధికారం ఎవరిది అన్న దగ్గర రెండూ వేరవుతాయి. గార్డ్ దళాలు మామూలు రోజుల్లో తమ రాష్ట్ర గవర్నరు ఆధీనంలో ఉంటాయి, అవసరమైనప్పుడు కేంద్ర ప్రభుత్వం వాటిని తన కిందికి తీసుకుంటుంది. రిజర్వ్ మాత్రం మొదటి నుంచి చివరి వరకు కేంద్ర ప్రభుత్వానిదే.

మా అబ్బాయికి గ్రీన్ కార్డే ఉంది, పౌరసత్వం లేదు. తీసుకుంటారా?

సాధారణ సైనికుడిగా తీసుకుంటారు. అధికారి కావాలంటే పౌరసత్వం ఉండాలి. రహస్య సమాచారం చూడవలసిన కొన్ని పనులు కూడా పౌరులకే ఇస్తారు కాబట్టి ఎంచుకునే పనుల జాబితా చిన్నదవుతుంది. నేనూ గ్రీన్ కార్డుతోనే చేరాను. సైన్యంలో, రిజర్వ్‌తో సహా, గౌరవప్రదంగా పనిచేసినవారికి పౌరసత్వం పొందే ప్రత్యేక మార్గాలు వలస చట్టంలో ఉన్నాయి. 2001 సెప్టెంబరు 11 తరువాతి కాలాన్ని యుద్ధకాలంగా గుర్తిస్తూ 2002 జూలైలో అధ్యక్షుడు ఇచ్చిన ఉత్తర్వు వల్ల ఆ మార్గం ఎందరికో తొందరగా తెరుచుకుంది. హెచ్-1బి, విద్యార్థి వీసాల మీద ఉన్నవారు గ్రీన్ కార్డు వచ్చేవరకు ఆగవలసిందే. వయసు విషయానికొస్తే, కొత్తగా చేరేవారి గరిష్ఠ వయసును వైమానిక దళం 2023లో 42 ఏళ్లకు పెంచింది.

ఎన్నేళ్లకు సంతకం పెట్టాలి? నచ్చకపోతే మధ్యలో మానేయవచ్చా?

మొదటిసారి చేరేవారి మీద మొత్తం ఎనిమిదేళ్ల బాధ్యత ఉంటుంది. సాధారణంగా ఆరేళ్లు డ్రిల్‌కు, అంటే నెలవారీ శిక్షణ వారాంతాలకు హాజరై, మిగిలిన రెండేళ్లు పేరు జాబితాలో ఉంచుకుంటే సరిపోతుంది. నచ్చలేదని మానేయడం కుదరదు. పన్నెండు నెలల్లో తొమ్మిది డ్రిల్ పూటలు అనుమతి లేకుండా తప్పితే బాధ్యత నెరవేర్చనివాడిగా లెక్కగడతారు, దాని ఫలితం డిశ్చార్జి పత్రం మీద కనిపిస్తుంది. కాబట్టి కాలేజీ ఫీజు కోసం మాత్రమే చేరుదామని వచ్చే పిల్లలను ఇంటికి వెళ్లి ఒక నెల ఆలోచించుకుని రమ్మని చెబుతాను.

## శిక్షణ కాలం

వారాంతపు పనే కదా, శిక్షణ కూడా తేలికగా ఉంటుందా?

ఉండదు. రిజర్విస్టులకు వేరే ప్రాథమిక శిక్షణ అంటూ లేదు. టెక్సస్ రాష్ట్రం శాన్ ఆంటోనియోలోని ల్యాక్‌లాండ్ స్థావరంలో పూర్తికాలపు సైనికులతో పాటు అదే బ్యారక్‌లో పడుకుని, అదే ఎండలో కవాతు చేయాలి. మా కాలంలో అది ఆరు వారాలు, ఇప్పుడు ఏడున్నర వారాలు. అది ముగిశాక ఎంచుకున్న పనిని బట్టి వృత్తి శిక్షణ కొన్ని వారాల నుంచి ఏడాది దాకా సాగుతుంది. ఈ కాలమంతా పూర్తి జీతం ఇస్తారు. శిక్షణ ఇచ్చే సార్జెంటుకు మనలో ఎవరు రిజర్విస్టో తెలిసినా, పరుపు మీద దుప్పటి మడత పెట్టే తీరులో గానీ బూటు మెరుపులో గానీ రిజర్విస్టుకు సడలింపు దొరకదు. నాకు అన్నిటికంటే కష్టమనిపించింది ఒంటి శ్రమ కాదు. ఇరవై ఆరేళ్ల వయసులో, చదువు ముగించి ఉద్యోగంలో స్థిరపడ్డాక, పద్దెనిమిదేళ్ల కుర్రాళ్ల పక్కన నిలబడి అరుపులు వినడం. రెండో వారానికి ఆ కుర్రాళ్లే నాకు బూటు పాలిష్ నేర్పారు, నేను వాళ్లకు పరీక్ష పాఠాలు చెప్పాను.

మేము శాకాహారులం. తిండి సంగతేమిటి?

స్థావరాల భోజనశాలల్లో అన్నం, కూరగాయలు, బీన్స్, సలాడ్, పండ్లు దొరుకుతాయి కాబట్టి కడుపు నిండుతుంది, రుచి సంగతి వేరు. మైదానంలో ఇచ్చే ప్యాకెట్ భోజనంలో ఉన్న 24 రకాల్లో కొన్ని ఇప్పుడు శాకాహారమే. మా తొలి సంవత్సరాల్లో ఆ ఏర్పాటు సరిగా లేదు. క్రాకర్లు, వేరుశనగ ముద్దతో గడిపిన పూటలు నాకు బాగా గుర్తున్నాయి. ప్రాథమిక శిక్షణలో తినడానికి ఇచ్చే సమయం చాలా తక్కువ కాబట్టి పిల్లలకు నేను చెప్పేది ఒక్కటే: వేగంగా తినడం అలవాటు చేసుకోండి.

## డ్రిల్ వారాంతాలు

నెలకు రెండు రోజులు వెళ్లి అసలు ఏం చేసేవారు?

నేను పనిచేసింది ఏరియల్ పోర్ట్ విభాగంలో. విమానంలోకి ఎక్కే ప్రతి సరుకును, ప్రతి ప్రయాణికుణ్ణి లెక్కగట్టి, తూచి, సర్ది, ఎక్కించే పని అది. శనివారం తెల్లవారకముందే ఐ-680 రహదారి మీద బయలుదేరి, బెనీషియా వంతెన దాటి, ఫెయిర్‌ఫీల్డ్ పక్కనున్న స్థావరానికి హాజరు పట్టీ వేళకు చేరేవాణ్ణి. ట్రావిస్‌లో గాలి విపరీతం. వేసవిలోనూ మధ్యాహ్నం దాటితే కాగితం చేతిలో నిలవదు.

మా పనికి మూలం 463ఎల్ అనే ప్యాలెట్. లోపల బాల్సా కర్ర, పైన అల్యూమినియం రేకు ఉన్న ఆ పలక 108 అంగుళాల పొడవు, 88 అంగుళాల వెడల్పుతో మన ఇళ్లలోని పెద్ద మంచం కంటే పెద్దదిగా ఉంటుంది. ఖాళీగానే 290 పౌన్లు తూగుతుంది, 10,000 పౌన్ల దాకా మోస్తుంది. నేల మీద దాన్ని నేరుగా పెట్టకూడదు, కింద మూడు కర్ర దిమ్మెలు వేయాలి, లేకపోతే ఫోర్క్‌లిఫ్ట్ చువ్వలు దూరవు, అడుగు రేకు చెడుతుంది. బరువైన పెట్టెలు అడుగున, తేలికైనవి పైన సర్ది, వాన పడకుండా ప్లాస్టిక్ పట్టా కప్పి, పక్కలకు రెండు, పైన ఒకటి చొప్పున మూడు వలలు వేసి, అంచు చుట్టూ ఉన్న 22 రింగులకు కొక్కేలు తగిలించి, పట్టీలు లాగి బిగించాలి. బిగించాక చేత్తో వలను పట్టుకుని ఊపితే సరుకు కదలకూడదు. మా పాత సార్జెంటు ఒకాయన ప్రతి ప్యాలెట్ చుట్టూ తిరుగుతూ ఒక్కొక్క కొక్కేన్ని వేలితో తట్టి చూసేవాడు. ఆకాశంలో వల జారితే విమానం బరువు కేంద్రం మారిపోతుంది, అప్పుడు పైలట్ చేతిలో ఏమీ ఉండదని ఆయన మాకు పదే పదే చెప్పేవాడు.

సీ-5 గ్యాలక్సీ అనే భారీ సరుకు విమానం ముక్కు పైకి లేస్తుంది, సరుకు ఎక్కించేందుకు వీలుగా విమానమే చక్రాల మీద కిందికి వంగుతుంది. అందులో అలాంటి ప్యాలెట్లు 36 పడతాయి. రోలర్ల మీద ఒక్కొక్కదాన్ని నలుగురం తోసుకుంటూ వెళ్లి, తాళాలు ఠక్కున పడిన శబ్దం విన్నాకే చేయి తీసేవాళ్లం.

అన్ని వారాంతాలూ ఇలా ఉండవన్నది కూడా నిజమే. కంప్యూటరు ముందు కూర్చుని చేసే తప్పనిసరి పాఠాలు, టీకాలు, దంత పరీక్ష, గ్యాస్ మాస్కుతో రసాయన దాడి అభ్యాసం వంటివాటికే కొన్ని వారాంతాలు పూర్తిగా సరిపోయేవి. రబ్బరు చేతి తొడుగుల్లో చెమట నిండిపోతుండగా పెన్ను పట్టుకుని ఫారం నింపడం ఎండాకాలంలో ఎంత కష్టమో చేసినవారికే తెలుస్తుంది.

ఆ విమానాలు రిజర్వ్‌వేనా, లేక అసలు వైమానిక దళానివా?

ట్రావిస్‌లో విమానాలు పూర్తికాలపు దళానివి. వాటినే రిజర్వ్ సిబ్బంది కూడా నడిపి, మరమ్మతు చేసి, సరుకు ఎక్కిస్తారు. అసోసియేట్ పద్ధతి అనే ఈ ఏర్పాటు 1968లో కాలిఫోర్నియాలోని నార్టన్ స్థావరంలో మొదలైంది. ట్రావిస్‌లో 60వ వింగ్ పూర్తికాలపు దళం, 349వ వింగ్ రిజర్వ్. మసాచుసెట్స్‌లోని వెస్టోవర్ వంటి కొన్ని స్థావరాల్లో మాత్రం విమానాలు కూడా రిజర్వ్‌వే. వారాంతాల మధ్య రోజుల్లో రిజర్వ్ యూనిట్‌ను నిలబెట్టేది ఎయిర్ రిజర్వ్ టెక్నీషియన్లు. వారు వారమంతా ప్రభుత్వ ఉద్యోగులుగా, డ్రిల్ రోజున అదే యూనిట్‌లో సైనికులుగా పనిచేస్తారు. మేము శనివారం వచ్చేసరికి పని సిద్ధంగా ఉందంటే అది వారి చలవే.

రెండు రోజులకు జీతం ఎంత వస్తుంది?

డ్రిల్ వారాంతాన్ని నాలుగు పూటలుగా లెక్కగడతారు. ఒక్కో పూటకు నెల మూలవేతనంలో ముప్పయ్యో వంతు ఇస్తారు కాబట్టి రెండు రోజుల పనికి నాలుగు రోజుల మూలవేతనం చేతికొస్తుంది. ఇంటి నుంచి స్థావరానికి వెళ్లివచ్చే ఖర్చు సాధారణంగా మన జేబులోదే. డబ్బు కోసమే అయితే ఆ వారాంతంలో వేరే పని చేసుకోవడం మేలు.

సంక్రాంతి, ఉగాది డ్రిల్ వారాంతంలో పడితే సెలవు ఇస్తారా?

ఏడాది డ్రిల్ తేదీలు చాలా ముందే ప్రకటిస్తారు. ముందుగా అడిగితే కమాండరు అనుమతితో ఆ పూటలను వేరే రోజుల్లో చేయవచ్చు. యూనిట్ తనిఖీ ఉన్న నెలలో మాత్రం ఆ అవకాశం దాదాపు ఉండదు.

రెగ్యులర్ వాళ్లు రిజర్వ్ వాళ్లను చిన్నచూపు చూస్తారా?

నేను చేరిన కాలంలో ఆ తేడా చేతిలోని కార్డులోనే కనిపించేది. పూర్తికాలపు సైనికుడి గుర్తింపు కార్డు ఆకుపచ్చగా, మాది ఎర్రగా ఉండేది. స్థావరంలోని సరుకుల దుకాణంలో మాకు ఏడాదికి 12 సార్లే ప్రవేశం, దానికి వేరే కార్డు. తరువాత దాన్ని 24 చేశారు, 2003 చివర్లో ఆ పరిమితి ఎత్తేశారు. కార్డుల రంగు కూడా ఒకటే అయింది. దుకాణం గుమ్మం దగ్గర గడులు టిక్కు పెట్టించుకుని లోపలికి వెళ్లిన నా భార్యకు ఆ మార్పు ఎంత సంతోషమిచ్చిందో చెప్పలేను. పని దగ్గర మాత్రం, ఒక పెద్ద లోడ్ కలిసి ఎక్కించాక ఎవరు ఏ దళం అన్నది ఎవరికీ పట్టేది కాదు.

## పిలుపు వచ్చినప్పుడు

మీరు యుద్ధానికే వెళ్లలేదట కదా. మరి చేసిందేమిటి?

ఈ ప్రశ్న అందరికంటే ఎక్కువగా మనవాళ్లే అడిగారు, చాలా ప్రేమగా అడిగారు కూడా. నేను దేశం దాటి పోరు జరుగుతున్న చోటికి వెళ్లలేదు. 1990 ఆగస్టు 2న ఇరాక్ కువైట్‌ను ఆక్రమించింది. అదే నెల 22న అధ్యక్షుడు జార్జ్ బుష్ రిజర్వ్‌లను పిలిచే ఉత్తర్వు మీద సంతకం చేశాడు. ఆ యుద్ధకాలంలో పిలుపు అందుకున్న వైమానిక దళ రిజర్విస్టులు ఇరవై వేలకు పైనే. వారిలో చాలామంది నాలాగే తమ స్థావరంలోనే ఉండి పనిచేశారు. ఎడారిలో దిగిన ప్రతి ట్యాంకు విడిభాగం, ప్రతి మందుల పెట్టె, ప్రతి టైరు అమెరికాలో ఎవరో ఒకరు తూచి, కట్టి, ఎక్కించినదే. పన్నెండు గంటల షిఫ్టులు, వరుసగా దిగే సీ-5లు, సీ-141లు, రాత్రి దీపాల కింద వరుసలుగా పేర్చిన ప్యాలెట్లు, ఇవే నాకు తెలిసిన యుద్ధం.

ఆ ఆగస్టు 29న జర్మనీలోని రామ్‌స్టైన్ నుంచి లేచిన ఒక సీ-5 కూలి 13 మంది మరణించారు. ఆ విమానాన్ని నడిపింది టెక్సస్‌లోని కెల్లీ స్థావరపు రిజర్వ్ సిబ్బంది. వారూ మాలాగే ఇంటి దగ్గర ఉద్యోగాలు వదిలి వచ్చినవాళ్లు. ఆ వార్త విన్న రాత్రి మా షెడ్డులో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు, ఎప్పటికంటే నెమ్మదిగా, రెండుసార్లు చూసుకుని వలలు కట్టాం.

2001 సెప్టెంబరు 11 తరువాత మళ్లీ పిలుపు వచ్చింది, మళ్లీ ట్రావిస్‌లోనే. అప్పుడు సరుకుతో పాటు మనుషులనూ పంపాం. ప్రయాణికుల హాలులో పసిపిల్లల్ని ఎత్తుకుని నిలబడ్డ తల్లులకు, తండ్రులకు విమానం ఎన్నింటికో చెప్పడం, సంచులు తూచడం నా పని. ఇంటి దగ్గర ఉండి చేసిన పని తేలికైనదని నేను ఎప్పుడూ అనను, వెళ్లినవారి పనితో దాన్ని పోల్చను కూడా. కానీ ఇక్కడి పని లేకుండా అక్కడి పని జరగదన్నది నా కళ్లతో చూసిన నిజం.

కోవిడ్ సమయంలో ఇండియాకు సాయం పంపినప్పుడు ట్రావిస్ పేరు వార్తల్లో వచ్చింది. మీరు పనిచేసింది అక్కడేనా?

అక్కడే, అయితే అప్పటికి నేను విరమించాను. 2021 ఏప్రిల్ చివర్లో, రెండో ఉద్ధృతిలో మన ఊళ్లలో ఆక్సిజన్ సిలిండర్ల కోసం జనం అల్లాడుతున్నప్పుడు, నాలుగు వందలకు పైగా సిలిండర్లు, పరీక్ష కిట్లతో మొదటి అమెరికా సైనిక విమానం ట్రావిస్ నుంచి బయలుదేరి ఏప్రిల్ 30న ఢిల్లీలో దిగింది. అది సీ-5. ఆ వారమే గుంటూరులో మా పెద్దమ్మ కొడుకు ఆసుపత్రిలో ఉన్నాడు. టీవీలో ఆ ప్యాలెట్లను చూస్తుంటే నా కళ్లు సిలిండర్ల మీద కాక వల కొక్కేల మీద నిలిచాయి. బిగువుగా, వరుసగా, సరిగ్గా కట్టారు. ఇన్నేళ్లు నేను చేసిన పని ఏమిటో మా బంధువులకు ఆ రోజు వివరించవలసిన అవసరం రాలేదు.

యుద్ధం లేనప్పుడు రిజర్వ్ వల్ల దేశంలోపల ఉపయోగం ఏమైనా ఉందా?

చాలా ఉంది. మిసిసిపీలోని కీస్లర్ స్థావరంలో ఉండే 53వ వాతావరణ పరిశీలక స్క్వాడ్రన్ పూర్తిగా రిజర్వ్ యూనిట్. డబ్ల్యూసీ-130జె విమానాలతో తుపాను కంటిలోకి వెళ్లి గాలివేగం, పీడనం కొలుస్తుంది. 2005 ఆగస్టులో కత్రినా తుపాను ఆ స్థావరాన్నే దెబ్బతీసినా, సిబ్బంది జార్జియాలోని డాబిన్స్ స్థావరం నుంచి పని కొనసాగించారు. తమ ఇళ్లు నీళ్లలో ఉండగా విమానం ఎక్కినవాళ్లు వారిలో ఉన్నారు. కొలరాడోలోని 302వ వింగ్ కార్చిచ్చుల మీద ఒక్కో విడతకు 3,000 గ్యాలన్ల మంట నిరోధకాన్ని కుమ్మరిస్తుంది. ఒహాయోలోని యంగ్స్‌టౌన్‌లో ఉన్న 910వ వింగ్ వరదల తరువాత దోమల మందు చల్లుతుంది.

## ఉద్యోగం, ఇల్లు

పిలుపు వస్తే కంపెనీ ఉద్యోగం పోతుందా?

చట్టప్రకారం పోకూడదు. 1994లో వచ్చిన యూసెర్రా చట్టం ప్రకారం సైనిక సేవకు వెళ్లివచ్చిన ఉద్యోగిని, వెళ్లకుండా ఉంటే ఇప్పటికి ఏ హోదాలో ఉండేవాడో అదే హోదాలో తిరిగి తీసుకోవాలి. ఒకే సంస్థ దగ్గర మొత్తం ఐదేళ్ల సేవ వరకు ఈ రక్షణ ఉంటుంది, డ్రిల్ వారాంతాలు ఆ ఐదేళ్లలో లెక్కకు రావు. సొంత సెలవులు వాడుకోమని బలవంతం చేయకూడదు. సేవ 180 రోజులు దాటితే తిరిగి చేరతానని 90 రోజుల్లోపు అడగాలి.

చట్టం ఉన్నంత మాత్రాన అందరు మేనేజర్లూ ఒకేలా ఉండరు. నేను పనిచేసిన ఒక సంస్థలో పిలుపు నుంచి తిరిగి వచ్చాక నా ప్రాజెక్టు మారిపోయింది, పదోన్నతి ఒక ఏడాది వెనక్కి వెళ్లింది. మరో సంస్థలో జీతం తేడాను వాళ్లే భరించారు. ఆర్డరు కాగితం చేతికి రాగానే యజమానికి రాతపూర్వకంగా తెలియజేసి, ఆ ఈమెయిలు దాచుకోవడం అన్నిటికంటే ముఖ్యం.

ఇంట్లోవాళ్లు ఎలా ఒప్పుకున్నారు?

మా నాన్నగారు మొదట ఒప్పుకోలేదు. ఇంజనీరువి, నీకు ఇదెందుకని ఉత్తరం మీద ఉత్తరం రాశారు. నా భార్య ఒప్పుకుంది, దాని భారం కూడా తనే మోసింది. పిల్లల పుట్టినరోజులు, తెలుగు సంఘం కార్యక్రమాలు, జ్వరాల రాత్రులు, అన్నిటికీ నెలకో వారాంతం తనొక్కతే. చేరాలనుకునే పెళ్లైనవారితో నేను మాట్లాడేటప్పుడు జీవిత భాగస్వామిని కూడా పక్కన కూర్చోబెట్టమంటాను, ఎందుకంటే ఆ నిర్ణయం వల్ల సెలవులు పోయేది ఇద్దరికీ.

## విరమణ తరువాత

ఇరవై ఏళ్లు పూర్తయితే వెంటనే పింఛను వస్తుందా?

రాదు. కనీసం 50 పాయింట్లు సంపాదించిన ఏడాదినే మంచి ఏడాదిగా లెక్కిస్తారు. డ్రిల్ పూటకొక పాయింటు, క్రియాశీల సేవలో, అంటే పూర్తికాలపు సైనికుడిగా పనిచేసిన కాలంలో రోజుకొక పాయింటు, సభ్యత్వానికి ఏడాదికి 15 వస్తాయి. ఇలాంటి మంచి ఏళ్లు 20 పూర్తయ్యాక అర్హత లేఖ వస్తుంది, పింఛను మాత్రం సాధారణంగా 60వ ఏట మొదలవుతుంది. 2008 జనవరి 28 తరువాత పిలుపు మీద చేసిన ప్రతి 90 రోజుల అర్హమైన క్రియాశీల సేవకు ఆ వయసు మూడు నెలలు తగ్గుతుంది. పాత పద్ధతిలో లెక్క ఇలా ఉంటుంది: మొత్తం పాయింట్లను 360తో భాగిస్తే వచ్చే ఏళ్లకు, ఏడాదికి రెండున్నర శాతం చొప్పున మూలవేతనంలో వాటా. ఉదాహరణకు 2,520 పాయింట్లు అంటే ఏడేళ్లు, అంటే 17.5 శాతం. పాయింట్ల పట్టికను ప్రతి ఏడాదీ సరిచూసుకోవాలి, ఎందుకంటే ముప్పయ్యేళ్ల కిందటి ఒక వారాంతం లెక్కలోకి రాలేదని 59వ ఏట నిరూపించడం చాలా కష్టం.

విదేశానికి వెళ్లని రిజర్విస్టును వెటరన్ (మాజీ సైనికుడు) అనవచ్చా?

చట్టం దృష్టిలో ఇది చాలాకాలం చిక్కుగా ఉండేది. శిక్షణ కోసం తప్ప క్రియాశీల సేవకు పిలుపు అందుకోని రిజర్విస్టును, శిక్షణలో గాయపడితే తప్ప, ఇరవై ఏళ్లు పనిచేసినా వెటరన్‌గా గుర్తించేవారు కాదు. 2016 డిసెంబరులో వచ్చిన చట్టం, ఇరవై ఏళ్లు పూర్తిచేసి పింఛనుకు అర్హులైన రిజర్విస్టులకు ఆ పేరును గౌరవంగా ఇచ్చింది. దానితో కొత్త ఆర్థిక ప్రయోజనాలేవీ రాలేదు. నాకు రెండుసార్లు పిలుపు రావడం వల్ల ముందే గుర్తింపు దక్కింది. నాతో పాటు వలలు కట్టినా పిలుపు అందని మిత్రులు కొందరున్నారు, ఆ చట్టం వచ్చిన మరుసటి ఏడాది నవంబరులో వెటరన్స్ డే రోజున వారికి నేనే ఫోన్ చేసి శుభాకాంక్షలు చెప్పాను.

ఇంటి రుణం, వైద్య బీమా వంటివి రిజర్విస్టులకు ఉంటాయా?

ఆరేళ్లు గౌరవప్రదంగా డ్రిల్ చేసినవారికి మాజీ సైనికుల వ్యవహారాల శాఖ (వీఏ) హామీతో ఇంటి రుణం తీసుకునే అర్హత వస్తుంది. సేవలో ఉన్నంతకాలం నెలసరి ప్రీమియం కట్టి ట్రైకేర్ రిజర్వ్ సెలెక్ట్ అనే వైద్య బీమా పొందవచ్చు. ఆరేళ్ల ఒప్పందం మీద చదువుకు నెలనెలా సాయం అందించే పథకమూ ఉంది. పింఛనుకు అర్హులైన రిజర్విస్టులకు జాతీయ శ్మశానవాటికలో చోటు కూడా లభిస్తుంది.

నా పాత పత్రాలు పోయాయి. ఎక్కడ అడగాలి?

సేవ ముగిసినవారి రికార్డులు మిస్సోరీ రాష్ట్రం సెయింట్ లూయిస్‌లోని జాతీయ సిబ్బంది రికార్డుల కేంద్రంలో ఉంటాయి. ఎస్ఎఫ్-180 అనే ఫారంతో కోరవచ్చు. రిజర్వ్ పాయింట్లు, పింఛను వ్యవహారాలు చూసే కార్యాలయం కొలరాడోలోని బక్లీ స్థావరంలో ఉంది. 1973లో సెయింట్ లూయిస్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో 1947 నుంచి 1964 మొదటి వరకు విడుదలైన వైమానిక దళ సిబ్బంది రికార్డుల్లో పెద్ద భాగం కాలిపోయింది కాబట్టి, ఆ తరం వారి పిల్లలు ఇంట్లో ఉన్న పాత జీతపు చీటీలను, ఉత్తర్వులను, ఫోటోలను కూడా ఆధారాలుగా జతచేయాలి. క్రియాశీల సేవ నుంచి విడుదలైనట్టు తెలిపే డీడీ-214 పత్రం సాధారణంగా 90 రోజులు లేదా అంతకు మించి ఆ సేవ చేసినప్పుడే ఇస్తారు. ప్రాథమిక, వృత్తి శిక్షణలు కలిసి ఆ గడువును దాటితే అప్పుడే ఒకటి చేతికొస్తుంది. దాని నకళ్లు రెండు మూడు తీసి, ఒకటి ఇంట్లో, ఒకటి బ్యాంకు లాకరులో ఉంచి, ఎక్కడ పెట్టారో భార్యకో భర్తకో పిల్లలకో చెప్పి ఉంచాలి.